మట్టి దుర్యోధనుడి వెంట మూడు ఊళ్ళు

"అక్కా, నీకు మట్టి తొక్కేది వచ్చునా?" అని సుగుణ ఫోన్‌లో అడిగినప్పుడు నేను విశాఖపట్నంలో, జిరాక్స్ షాపు పైన మేము అద్దెకు తీసుకున్న గదిలో, ఒక రాక్షసి ముక్కుకు పాత పేపరు ముక్కలు అంటిస్తున్నాను. నేనూ నా ఇద్దరు స్నేహితురాళ్ళూ చేసే పని అదే. కాగితం, మైదా జిగురు, వెదురు బద్దలతో మనిషి కంటే ఎత్తు బొమ్మలు చేసి ఆదివారాలు బీచ్ రోడ్డు మీద ఆడిస్తాం. చూసేవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. ఆట అయిపోయాక ఆ బొమ్మల్ని ఎక్కడ దాచాలో తెలియక మేం తలలు పట్టుకుంటాం.

సుగుణ నాకు విజయవాడలో జరిగిన ఒక చేతిపనుల సంతలో పరిచయం. మా బల్ల పక్కనే ఆమె బల్ల. చిన్న చిన్న మట్టి ముఖాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్కటీ నవ్వడం లేదు. "నవ్వే మొగాలు దినామూ అంగట్లో చేస్తాండాను లే అక్కా" అంది. మదనపల్లెలో ఆమెకు ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం ఉంది. పుట్టింది మాత్రం కుప్పం పక్క పల్లెలో.

చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం భారతం ఆడతారు. రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు దుర్యోధన వధ. దానికోసం ఊరి బయలులో, వెల్లకిలా పడుకున్నట్టు, మట్టితో మహా పెద్ద దుర్యోధనుణ్ణి చేస్తారు. భీముడి వేషం, దుర్యోధనుడి వేషం గదలు పట్టుకుని ఆ బొమ్మ చుట్టూ తిరుగుతూ కొట్లాడతాయి. ఆఖర్న భీముడు మట్టి తొడ మీద కొడతాడు. లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. ఆ మట్టి ఇంట్లో ఉంటే మంచిదని జనం తలా ఒక గడ్డ తీసుకుపోతారు. సుగుణ తండ్రి నారాయణప్ప ఆ ఊళ్ళో ఏళ్ళుగా ఆ బొమ్మ చేస్తున్న మనిషి.

"ఈ తూరి మా నాయన చెయ్యి లేస్తా లేదక్కా. పక్షవాతం. కమిటీవాళ్ళు బెంగళూరు నుంచి ఫైబర్ బొమ్మ తెస్తామంటాండారు. మట్టిది నేను చేస్తానని చెప్పేసినా. తొక్కేదానికి మనుషులు కావల్ల."

దాచుకోవడానికి చోటు లేక బొమ్మల మధ్యే పడుకునే మాకు, పగలగొట్టడానికే చేసే బొమ్మ ఎలా ఉంటుందో ఊహకు అందలేదు. రాక్షసి ముక్కు స్నేహితురాళ్ళకు అప్పజెప్పి బయలుదేరాను.

మదనపల్లె

విశాఖ ఉక్కపోతలోంచి వచ్చినదాన్ని. మదనపల్లెలో పొద్దున దిగగానే చల్లటి గాలి తగిలి, నిజంగా వేసవేనా అని అనుమానం వచ్చింది. రోడ్డంతా టమోటా పెట్టెల లారీలు. ఊరి గాలిలోనే పచ్చి టమోటా వాసన. రేటెంత ఉందని టీ అంగడి ఆయన్ని అడిగితే, "పొద్దున ఒకటి, మద్దేనం ఒకటమ్మా. ఏది చెప్పేది?" అన్నాడు.

సుగుణ స్కూటర్ మీద వచ్చింది. కొప్పులో పెన్సిలు, వేళ్ళకు ఇంకు. "బిన్నె ఎక్కక్కా" అంది. త్వరగా అనడానికి మేం 'బేగి' అంటే వీళ్ళు 'బిన్నె' అంటారని ఎక్కిన తర్వాత తెలిసింది. ముందు ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లిన దోసె తినిపించింది. మా వైపు దోసెకు పక్కన పచ్చడి ఉంటుంది. ఇక్కడ కారమంతా దోసెలోనే ఉంది. మూడో ముక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకోటి చెప్పాను.

ఆమె దుకాణంలో ఆ రోజు పని, ఒక ఏడాది పిల్లవాణ్ణి పుట్టినరోజు ఫ్లెక్సీలో సింహం మీద కూర్చోబెట్టడం. మధ్యాహ్నానికల్లా మూడు ఫ్లెక్సీలు తీసి, షట్టర్ దించి, దానిమీద 'వారం సెలవు' అని చాక్‌పీసుతో రాసింది. పెళ్ళిళ్ళ కాలంలో వారం మూయడమంటే మాటలు కాదు. ఎదురు దుకాణం ఆయన వచ్చి, "పిచ్చి పట్టిండాదా పాపా, సీజన్‌లో మూస్తావా?" అని అడిగాడు. "భారతం కూడా సీజన్‌లోనే వస్తాది కదన్నా" అని తాళం వేసింది.

అక్కణ్ణుంచి నీరుగట్టువారిపల్లెకు వెళ్ళాం. పట్టుచీరలు నేసేవాళ్ళ పేట అది. వీధిలోకి తిరగ్గానే ఇంటింటికీ మగ్గం చప్పుడు. కరెంటు మగ్గాల మోత ముందు వినిపిస్తుంది. నాలుగడుగులు వేసి చెవి పెడితే దాని కింద చేతి మగ్గం నిదానంగా కొట్టుకుంటూ ఉంటుంది. సుగుణకు కావలసింది దుర్యోధనుడి మీసాలకు, జుట్టుకు పట్టు. చీర కోసేశాక మగ్గానికి మిగిలిపోయే దారపు కొసల్ని కట్టలు కట్టి పక్కన పడేస్తారట. తండ్రి చేసినప్పుడు మీసం రంగుతోనే గీసేవారు. దూరం నుంచి కనిపించాలంటే అది పైకి లేచి ఉండాలని ఈసారి సుగుణ పట్టుదల.

లక్ష్మీదేవమ్మ అనే ఆవిడ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే మా మాట విన్నారు.

"దుర్యోధనునికి పట్టు మీసాలా? మా ఇంటాయనకే లేదు కదమ్మా" అన్నారు. లోపల్నుంచి ఆ ఇంటాయన దగ్గాడు.

"నల్లది కావల్ల అత్తా" అంది సుగుణ.

"నల్లది యాడ తెచ్చేది? పెండ్లికి నల్లచీర ఎవురు నేయించుకుంటారు? ముదురు నీలం ఉండాది. ఎండలో చూస్తే నల్లగానే ఉంటాది, తీసుకో."

సుగుణ ఆ కట్టను వాకిట్లోకి తీసుకెళ్ళి, ఎండకు పట్టి, దూరం జరిగి చూసింది. మళ్ళీ దగ్గరకొచ్చి ఇంకో కట్ట అడిగింది. "శానా పెద్ద మీసం లే అత్తా" అంటే లక్ష్మీదేవమ్మ మగ్గం ఆపి నవ్వారు. బయల్దేరేటప్పుడు నా చేతిలో బొరుగుల పొట్లం పెట్టారు. మేం మరమరాలనేవే అవి. ఇక్కడ వేయించిన శెనక్కాయలు, వెల్లుల్లి కలిపి తింటారు. వాటితో ఆ రాత్రి భోజనం అయిపోయింది.

పుంగనూరు

మర్నాడు సుగుణ సామాన్లతో స్కూటర్ మీద ముందు వెళ్ళింది. పట్టు సంచి పట్టుకుని నేను బస్సెక్కాను. చల్లగాలికి నిద్ర పట్టేసింది. కళ్ళు తెరిచేసరికి చౌడేపల్లెలో ఉన్నాను. పుంగనూరు దాటిపోయి చాలాసేపయిందని కండక్టరు చెప్పాడు. నన్ను లేపలేదేమని అడిగితే, "సంచి వాటేసుకొని నిద్రపోతాంటివి, ఏమో దుఃఖంలో ఉండావనుకొంటిమి" అన్నాడు. బీన్స్ మూటలతో పుంగనూరు పోతున్న ఆటోలో ఒక రైతు ఆవిడ జరిగి చోటిచ్చింది. సంచిలో ఏముందని ఆవిడ అడిగితే దుర్యోధనుడి మీసాలన్నాను. ఆటో దిగేదాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు.

పుంగనూరు అంటే నాకు పొట్టి ఆవులే గుర్తు. అవీ కనిపించాయి. ఒక ఇంటి ముందు మేక కంటే కాస్త ఎత్తున్న ఆవు నిలబడి, దాన్ని ఫొటో తీస్తున్నవాళ్ళ వైపు విసుగ్గా చూస్తోంది. కానీ మేం వచ్చింది బోర్డు పెయింటర్ రెడ్డెప్ప కోసం. మట్టి నారాయణప్పదైతే ముఖం రెడ్డెప్పది. కళ్ళు, కనుబొమలు, కిరీటం అన్నీ ఆయనే రాసేవాడు. ఊళ్ళో పాత దుకాణాల నెత్తిన ఇంకా ఆయన అక్షరాలు ఉన్నాయి. ఎర్ర అక్షరానికి పసుపు అంచు, దాని వెనక నల్లటి నీడ. సగం వాటి మీద ఫ్లెక్సీలు కట్టేశారు.

ముందు ఒక మెస్సులో సంగటి తిన్నాం. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం, అంబలి కాచుకుని తాగుతాం. ఇక్కడ రాగి సంగటి ముద్ద చేసి, నడిమధ్య గుంట చేసి, శెనక్కాయల పచ్చడి వేసి ఇచ్చారు. నేను నమలబోతే సుగుణ ఆపింది. "నమలకూడదక్కా, మింగల్ల." మింగాను. అది కడుపులోకి దిగుతున్న సంగతి దారంతా తెలిసింది.

రెడ్డెప్ప ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెల్ల బనీను, చెవి మీద బీడీ. సుగుణను చూసి లేవలేదు.

"ఏం పాపా, నారాయణప్ప కూతురా. అంగడి మూసుకొని వచ్చిండావే."

"నాయన చెయ్యి లేస్తా లేదు చిన్నాయనా. మట్టి నేను చేస్తాండాను. మొగం నువ్వు రాయల్ల."

"నేను రాసేది మానేసినా."

"యాల?"

"యాలనా? నీ అంగడికాడ పోయి అడుగు. రాత్రి ఇస్తే పొద్దున్నకి బోర్డు. నాకు ఒక బోర్డుకి నాలుగు దినాలు కావల్ల. ఇంగ నా తావకి ఎవురొస్తారు? ఇప్పుడు నువ్వొచ్చిండావు. ఏం పెట్టి పిలుస్తాండావు? నీ ఫ్లెక్సు మీద నా మొగమేసి శుభాకాంక్షలు పెడతావా?"

సుగుణ క్షమించమంటుందనుకున్నాను. ఆమె అరుగు మీద, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నేను లేకుంటే ఇంగొకరు పెట్టుండేవాళ్ళు చిన్నాయనా. నీ పని నా వల్లనే పోయిందంటే నేను ఒప్పుకోను. ఆ అంగడి లేకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు. గానీ ఆ మొగం నాకు రాదు. రాదని తెలిసే వచ్చినా."

"కంప్యూటర్లో వస్తాది కదా."

"కంప్యూటర్ తడిమట్టి మీద రాస్తాదా?"

ఆయన బీడీ తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య కాఫీ తెచ్చింది. రెడ్డెప్ప చివరి గుక్క దాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నేను రాను. పోండి" అన్నాడు.

"వధకు ముందు దినానికి మొగం మట్టి సిద్ధంగా ఉంటాది" అని చెప్పి సుగుణ లేచింది.

సందు చివర స్కూటర్ దగ్గర అడిగాను, రాకపోతే ఏం చేస్తావని.

"నేనే రాస్తా. బాగలేకుంటే బాగలేనట్లే ఉంటాది. మొగం లేకుండా మాత్రం పెట్టను."

కుప్పం

కుప్పం వైపు పోయేకొద్దీ మాట మారుతుంది. పలమనేరు దాటాక బస్సులో ఒకావిడ కండక్టరుతో తెలుగులో మొదలుపెట్టి, పక్కావిడతో తమిళంలో నవ్వి, ఫోన్‌లో కన్నడంలో తిట్టింది. మూడూ ఒకే ఊపిరిలో. గ్రానైటు బండల లారీలు ఎదురొస్తుంటే బస్సు పక్కకు ఒదిగి దారిచ్చేది.

సుగుణ వాళ్ళ పల్లె కుప్పం నుంచి ఆటోలో కాస్త దూరం. వాకిట్లో నారాయణప్ప ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. కుడి చెయ్యి తుండుగుడ్డలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"వైజాగా? సముద్రం తావ ఇసకే కదమ్మా. మట్టి ఉండాదా?"

"ఉందండీ. మేమే కాగితంతో చేస్తాం."

"కాగితం" అని ఆయన కాసేపు ఆలోచించారు. "తేలిగ్గా ఉంటాది లే" అన్నారు. మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తెలియదు.

బయలులో చెరువుమట్టి, ఎర్రమట్టి వేరువేరు కుప్పలుగా పోసి ఉన్నాయి. రెండూ కలిపి, ఇసుక, వరి ఊక చల్లి, నీళ్ళు పోసి తొక్కాలి. ఊక లేకపోతే ఎండకు పగుళ్ళొస్తాయి. మొదటి రోజే నా చెప్పులు మట్టిలో పోయాయి. ఒకటి దొరికింది. రెండోది దుర్యోధనుడి లోపల ఎక్కడో ఉండిపోయింది.

తండ్రి అయితే సున్నం పట్టుకుని నడుస్తూ నేల మీద బొమ్మ గీసేవారట. సుగుణ మేకులు కొట్టి, దారాలు కట్టి, నేలంతా గళ్ళు చేసింది. కాగితం మీది చిన్న బొమ్మను గడి తర్వాత గడి నేల మీదికి పెంచింది. ఫ్లెక్సీ పని నేర్పిన లెక్క అది. నారాయణప్ప చూసి, "నేను నడిచే గీస్తాంటి" అన్నారు.

"నీ కాళ్ళు నాకు లేవు నాయనా. దారాలు కట్టుకుంటా."

 ఆయన కుర్చీని నీడలోంచి ఎండలోకి, బయలు బాగా కనిపించే చోటికి జరిపించుకున్నారు.

కమిటీ పెద్ద మునిరత్నప్ప పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. తెల్లపంచె, చేతిలో గొడుగు. బొమ్మను ఒకసారి, ఆకాశాన్ని రెండుసార్లు చూసేవాడు. నాకాయన మీద కోపమే ఉండేది. ఒకరోజు ఆయనే నా పక్కన నిలబడి చెప్పుకున్నాడు.

"నేనేమన్నా మట్టికి శత్రువునామ్మా? పోయినేడు వానొచ్చి తొడ జారిపోయింది. భీముడు కొడితే బురద చిట్లింది. పక్క ఊళ్ళోళ్ళు ఇప్పటికీ నవ్వుతాండారు. ఫైబర్‌ది అయితే వానకు కడిగినట్లుంటాది. ఊరంతా నన్ను కదా అడిగేది."

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. అది ఇంకా ఇబ్బంది పెట్టింది.

నాకు పాదాలు అప్పజెప్పారు. ఒక్కో బొటనవేలు రుబ్బురోలంత. కాగితంతో పని చేసేటప్పుడు తప్పు చేస్తే ఇంకో పొర అంటిస్తాం. మట్టికి అది కుదరదు. బరువుకు జారిపోతుంది, మళ్ళీ అడుగు నుంచి ఎత్తాలి. ఎడమ పాదం మూడుసార్లు ఎత్తాను. నాలుగోసారి నిలబడితే, సంబరంతో వెనక్కి అడుగేసి జారి, నేరుగా దుర్యోధనుడి పొట్ట మీద పడ్డాను. మోచేతులదాకా దిగబడ్డాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వుతుంటే సుగుణ వచ్చి, నన్ను లాగి, ఆ గుంటను పూడ్చి అరచేత్తో సాపు చేసింది.

వాన

వధకు ముందు రోజు మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. అటు కిరీటం నుంచి ఇటు నేను చేసిన పాదాల దాకా నడవడానికి కాసేపు పట్టేది. తల వైపు మాత్రం పందిరి వేసి ఉంది. రెడ్డెప్ప రాలేదు. సుగుణ రోడ్డు వైపు చూడటం మానేసి, రంగులు కలపడానికి డబ్బా మూత తీసింది. అప్పుడే గాలి లేచింది.

టార్పాలిన్లు కప్పాం. తలా ఒక కొస పట్టుకుని వాటి మీద కూర్చున్నాం. గాలి ఒక్కో పట్టను మా కింద నుంచి లాక్కుపోయింది. రాయలసీమలో వాన పడదని ఎవరు చెప్పారో గానీ, నేను విశాఖ తుఫానుల్లో తడిసినదాన్ని, ఈ వాన దానికి తీసిపోలేదు. ఎంతసేపు కురిసిందో తెలియదు. వెలిశాక చూస్తే పందిరి కింద తల, ఛాతీ ఉన్నాయి. పొట్ట సగమైంది. తొడలు లేవు. ఎర్రటి నీళ్ళలో నా పాదాలు రెండూ ఎవరివో కానట్టు విడిగా ఉన్నాయి.

ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. మునిరత్నప్ప ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సుగుణా, ఆ బెంగళూరు ఆయన లైన్లో ఉండాడు. ఇప్పుడు చెప్తే బండి తెల్లారేపాటికి ఈడ ఉంటాది. ఇప్పుడు చెప్పకుంటే ఇంగ రాదంటాండాడు." నారాయణప్ప వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. ఏం చేసేది?"

నారాయణప్ప కుర్చీలోంచి కూతుర్ని అడిగారు. "తొడ నిలిచిందా?"

"లే నాయనా. తొడే పోయింది."

"అయితే నన్నడగొద్దు మునిరత్నా. చేసేది ఆ పాప. ఆ పాపనడుగు."

అందరూ సుగుణ వైపు చూశారు. తడిసిన జుట్టు ముఖానికి అంటుకుని ఉంది.  ఆమె తొడ ఉన్న చోటికి వెళ్ళి, వంగి, గుప్పెడు మట్టి తీసి పిండింది. వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. ఇంకో చోట తీసింది. అదీ అంతే.

"పొడిమట్టి దొరికితే ఎత్తుతా పెదనాయనా. ఫోన్ పెట్టేయండి."

"పొడిమట్టి యాడుండాది, ఇంత వానలో?"

"నాకు తెలీదు. వెతుకుతా. ఫోన్ పెట్టేయండి."

ఆయన ఆమెనూ, ఆకాశాన్నీ చూశాడు. "వద్దులేప్పా" అని ఫోన్‌లో చెప్పాడు. 

పొడిమట్టి సంగతి తేల్చింది పాపమ్మ. ఆవులు పెట్టుకుని పాలు పోసే మనిషి. "కొట్టాల్లో ఉండాది కదమ్మా, వాన తగలని మట్టి. ఆవుల్ని ఈ పొద్దుకు బయట కట్టేస్తే ఏమైతాది?" అంది. ఆమె ముందు నడిచింది, మిగతా ఆడవాళ్ళు వెనక. పశువుల కొట్టాల కింద తవ్విన మట్టి, గాదెల్లో మిగిలిన ఊక గంపలకొద్దీ రావడం మొదలైంది. తడి మట్టిలో అది కలిపి తొక్కాలి. మగవాళ్ళు చాలడం లేదు. పాపమ్మ చీర పైకి చెక్కి మట్టిలోకి దిగబోతే ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. ఆ మట్టిని తొక్కేది మగవాళ్ళేననీ, సుగుణంటే చేసే మనిషి, నేనంటే బయటి మనిషి కాబట్టి సరేననీ, ఊరి ఆడవాళ్ళు కాలు పెట్టే వాడుక లేదనీ ఆయన మాట.

పాపమ్మ ఆగి నిదానంగా అంది. "ఆయమ్మ కొప్పు పట్టి సభలోకి ఈడ్పించినోడు కదా మామా. వాణ్ణి తొక్కేదానికి మాకంటే ఎవురికి ఎక్కువ ఉండాది?"

ముసలాయన తప్పుకున్నాడు. చీకటి పడేదాకా తొక్కాం. ఎవరో సంగటి ముద్దలు తెచ్చి, చేతులు మట్టివని, మా నోళ్ళల్లోనే పెట్టారు. ఈసారి నేను నమల్లేదు.

తొడ

తెల్లారగట్ల మళ్ళీ దిగాం. సుగుణ కుండలో ఎర్రనీళ్ళు పోసి, తొడ మధ్య పెట్టి, దానిమీద మట్టి కప్పడం మొదలుపెట్టింది. మందంగా కప్పితే పగలదు, పలచగా కప్పితే ముందే చీలిపోతుంది. పైగా ఇది పచ్చిమట్టి, ఇంకా ఆరలేదు. ఎంత కప్పాలని తండ్రినడిగితే, "ఇంత పచ్చిమట్టి తొడ నేనెప్పుడూ చేయలే. నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి" అన్నారు. ఆమె కప్పింది, కొంత తీసింది, మళ్ళీ కప్పింది.

వానకు నానిన పాదాల్ని నేను మళ్ళీ ఎత్తుతుంటే తల వైపు ఎవరో దగ్గిన చప్పుడు. రెడ్డెప్ప. పాత పంచెలో చుట్టిన కుంచెలు చంకలో ఉన్నాయి. మొదటి బస్సుకు వచ్చాడు.

సుగుణ చేతులు ఆపకుండానే అడిగింది. "రానంటివి కదా చిన్నాయనా."

"వానలో అంతా పోయిందని బస్సులో చెప్పుకుంటాండిరి. దిగి వెనక్కి పోదామనుకొంటి. పోయేదానికి బస్సు లే." ముఖం చుట్టూ ఒకసారి తిరిగాడు. "ముక్కు రవ్వంత ఎక్కువ ఎత్తినావు. ఉండనీ. నీడ బాగా పడతాది."

ఆయన కనుబొమలు రాస్తుంటే చూశాను. కుంచె ఒకసారి పెడితే తీయడం లేదు, మొత్తం విల్లు ఒక్క ఊపులో. పట్టు మీసాలు మాత్రం సుగుణ తానే అతికించింది. ఎండ ఎక్కేసరికి బయలు నిండా జనం. నిజంగానే దూరం నుంచి ఆ మీసం నల్లగా, పైకి లేచి కనిపించింది.

భీముడి వేషం వేసినాయన మామూలు రోజుల్లో బేల్దారి, అంటే తాపీమేస్త్రీ. దుర్యోధనుడి వేషం వేసినాయన మెడలో పూలదండలతో బొమ్మ చుట్టూ పరుగులు పెట్టాడు. తిట్టుకున్నారు, పాటలు పాడారు, ఒకరినొకరు తరుముకున్నారు. పిల్లలు వాళ్ళ వెనక, గొడుగులు పట్టుకుని ముసలివాళ్ళు వాళ్ళ వెనక. సుగుణ నా పక్కన నిలబడి ఉంది. వేళ్ళు నా మోచేతిని పట్టుకున్నాయి.

భీముడు గద ఎత్తి కొట్టాడు.

మట్టి లోపలికి నొక్కుకుంది. అంతే. ఎరుపు రాలేదు.

 మునిరత్నప్ప గొడుగు మూసేశాడు. పక్క ఊరివాళ్ళు నిలబడ్డ వైపు నుంచి ఒక ఈల వినిపించింది. నా మోచేతిలో సుగుణ గోళ్ళు దిగాయి. ఆమె మాత్రం తొడ మీంచి కళ్ళు తీయలేదు. "ఉండాది" అంది లోగొంతుతో. "కుండ ఉండాది. ఇంగొకటి కొట్టన్నా."

భీముడు ఆ మాట విన్నాడో లేదో. గద భుజాన వేసుకుని, దుర్యోధనుడి వేషం వైపు తిరిగి, నాటకం గొంతుతోనే అన్నాడు. "ఇంత గట్టి తొడ పెట్టుకొని మడుగులో యాల దాంకుంటివిరా?"

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే రెండో దెబ్బ పడింది. తొడ నిలువునా చీలి, ఎర్రనీళ్ళు భీముడి రొమ్ము దాకా చిమ్మాయి.

ఆ తర్వాత నాకు ఏదీ వరుసగా గుర్తు లేదు. ద్రౌపది వేషం వచ్చి జుట్టు ముడి వేసుకుంది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని మట్టి మీదికి పరిగెత్తారు. నేను అన్నిసార్లు ఎత్తిన పాదాలు చూస్తుండగానే గడ్డలు గడ్డలుగా వెళ్ళిపోయాయి. బాధ కలుగుతుందేమోనని కాచుకుని ఉన్నాను. కలగలేదు. ఒక ముసలావిడ బొటనవేలి ముక్క ఒడిలో వేసుకుని పోతుంటే, అది నేను చేసిందేనని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

నారాయణప్పను ఇద్దరు పట్టుకుని తొడ దాకా తీసుకొచ్చారు. ఆయన చీలికలోకి వంగి చూసి, ఎడమ చేత్తో కుండ పెంకు ఒకటి తీసి, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు. కూతురితో, "తెల్లారి నుంచి ఏమన్నా తింటివా?" అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "పోయి తిను" అన్నారు.

ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, పక్క ఊరి మనుషులు ఇద్దరు మునిరత్నప్ప దగ్గరకు వచ్చారు.

"ఈ బొమ్మ చేసిండే ఆయప్ప ఎవురు?"

"ఆయప్ప కాదు. ఆ పాప" అని ఆయన గొడుగుతో చూపించాడు.

వాళ్ళు కాస్త తటపటాయించి కొళాయి దగ్గరకు నడిచారు. పెద్దాయన అడిగాడు. "మా ఊర్లో వచ్చే నెల భారతం తల్లీ. ఫైబర్‌దే తెద్దామనుకొంటిమి. మట్టిది చేస్తావా?"

సుగుణ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"చేస్తా. మట్టి ఇప్పుడే తోలించి ఎండబెట్టండి. తొక్కేదానికి ఆడోళ్ళు కూడా వస్తారు, అప్పుడొచ్చి వద్దనేది లేదు. పైన టార్పాలిన్ కాదు, రేకులు ఎయ్యల్ల. మొగం రాసే ఆయనను మాత్రం మీరే పోయి అడగండి. నేనడిగితే రాడు."

పందిరి కింద కుంచెలు కడుక్కుంటున్న రెడ్డెప్ప తలెత్తలేదు. "అడగమను, సూస్తాం" అన్నాడు.

నేను ఒకే చెప్పుతో అక్కడ నిలబడి విశాఖకు ఫోన్ చేశాను. ఆ రాక్షసి ముక్కు పూర్తి చేసెయ్యండి, వచ్చే నెల కూడా నాకు ఇక్కడ పని ఉంది అని చెప్పాను.